తువ్వాల కింద చూసే అద్దాలు

"ఇంగ ఈ తువ్వాల నాకెందుకమ్మా? పొయ్యి కాడ మసిగుడ్డ చేసుకో."

వెంకటరమణప్ప భుజం మీది తువ్వాల తీసి, మడత మీద మడత పెట్టి, కోడలి ముందర అరుగు మీద ఉంచాడు. విసిరికొట్టలేదు. విసిరికొట్టి ఉంటే పావనికి అంత భయం వేసేది కాదు.

ఆమె చేతిలో కనకాంబరాల మాల సగంలో ఆగిపోయింది. సంత నుంచి వచ్చే మామ మామూలుగా అయితే వీధి మలుపులోనే "పావనమ్మా, కాపీ నీళ్ళు పెట్టు తల్లీ" అని కేకేస్తాడు. ఆ కేక కోసమే ఆమె సంత రోజు సాయంత్రం అరుగు మీద పూలు ముందేసుకుని కూర్చుంటుంది. కొత్త కోడలిగా కుప్పం నుంచి పుంగనూరు వచ్చినప్పుడు ఈ ఇంట్లో ఆమెకు మొట్టమొదట నచ్చింది, మొగుడి కంటే కూడా ముందు నచ్చింది, ఆ కేకే.

ఈ రోజు కేక లేదు.

"ఏమైందో సెప్పరాదా?" చేతికి రాగిపిండితోనే అత్త రెడ్డెమ్మ బయటికి వచ్చింది. "మొగం అట్ల పెట్టుకోని వస్తే మాకేం తెలస్తాది?"

"ఏమీ గాలేదు."

"ఏమీ గాకుంటే మరి..."

"అదే గదమే నేను సెప్పేది! ఏమీ గాలేదు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఒక్క చెయ్యి గూడా నా తువ్వాల కిందికి రాలేదు."

రెడ్డెమ్మ పిండి చేత్తోనే నోరు మూసుకుంది.

పశువుల సంతలో ధర నోటితో పలకరు. అమ్మేవాడి తరఫు చెయ్యి, కొనేవాడి తరఫు చెయ్యి తువ్వాల కింద కలుస్తాయి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత మాట. చుట్టూ ఎంతమంది నిలబడి చూసినా కనిపించేది గుడ్డ కదలడమే. దళారికి ఆ గుడ్డే అంగడి, ఆ గుడ్డే పరువు. మీసం రాకముందే సంతలో అడుగుపెట్టిన వెంకటరమణప్పకు అక్కడ నీళ్ళ తొట్టి పక్కన సొంత చోటు ఉంది. వరసగా రెండు సంతలు చెయ్యి పడని దళారి, ఆ తర్వాత తన చోట్లో ఇంకొకడు నిలబడితే ఏమీ అనకూడదు. ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. అందరూ పాటించే నియమం.

"యాల రాలేదు?" మెల్లగా అడిగింది రెడ్డెమ్మ.

వెంకటరమణప్ప కోడలి వైపు చూడలేదు. చూడకపోవడంలోనే జవాబు ఉంది.

"సోమల నుంచి పశువులు కొనేదానికి వచ్చే జయచంద్ర ఉండాడే, వాడే అందరి ముందర అనేసినాడు. 'ఇంట్లో ఆ అద్దాలు పెట్టుకోని, ఏమీ ఎరగనట్టు మాకు తువ్వాల పరస్తాండావా అప్పా? నీ కోడలు గుడ్డల్లోంచి సూస్తాదంట గదా' అని."

పావనికి కింద అరుగు కదిలినట్టయింది.

"జయచంద్రనా? వాడట్ల అన్నాడా?" రెడ్డెమ్మ నమ్మలేకపోయింది.

"ఇంగెవరన్నా అనింటే పట్టించుకోకపోదును. వాడు మర్యాదస్తుడు. బేరం జరిగేటప్పుడు పెద్దోళ్ళ మొగం గూడా సూడడు, తల దించుకోని నేల సూస్తా ఉంటాడు. అట్లాంటోడే చెయ్యి ఎనక్కి తీసుకుంటే మిగిలినోళ్ళు పెడతారా?"

"ఆ మర్యాదస్తుడితో నువ్వు ఒక్క బేరమన్నా గెలిచినావా ఇన్నాళ్ళల్లో?"

"అది వాడి చేతి మహిమ. దాన్నేమంటాం?"

*

"అది ఉత్త తమాషా మామా!"

పావని గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. తమాషానే. పోయిన వారం ఫోన్లలో అందరూ ఒకే వార్త పంపుకుంటున్నారు. ఏదో పెద్ద కంపెనీ కొత్తరకం కళ్ళద్దాలు తెస్తోందట. పెట్టుకుంటే ఎదురుగా ఉన్నదాని మీదే అక్షరాలూ బొమ్మలూ తేలతాయట. వాటికి జతగా కొత్త ట్యాబ్ కూడా వస్తుందట. అన్నీ 'అట'లే. కంపెనీ ఔననలేదు, కాదనలేదు. మొబైల్ అంగడి నడిపే మొగుడు గిరీష్ ఇంట్లో కూర్చుని ఆ వార్త చదివి వినిపిస్తుంటే పావనికి ఉత్సాహం ఆగలేదు. అతను మదనపల్లె బస్టాండు దగ్గర తనకు కొనిచ్చిన నల్ల కూలింగ్ అద్దాలు పెట్టుకుంది. అత్తగారి పోపుల డబ్బా తెచ్చి, మూత తీయకుండానే "ఆవాలు అడుగంటినాయి, జీలకర్ర నిండుగా ఉండాది, మెంతుల గిన్నెలో మా అత్త ఉంగరం దాచింది" అని గడగడా చెప్పింది. ఆ డబ్బా పొద్దున నింపింది తనే కాబట్టి చెప్పింది. గిరీష్ వీడియో తీశాడు. 'మా అంగట్లో త్వరలో' అని రాసి స్టేటస్‌లో పెట్టాడు. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

నవ్వింది ఇద్దరే. చూసినవాళ్ళంతా నమ్మారు.

బండి చప్పుడు వినిపించింది. గిరీష్ లోపలికి వస్తూనే అరుగు మీది తువ్వాలను, తండ్రి మొహాన్ని మార్చి మార్చి చూశాడు.

"నాన్నా, అవి ఉత్త ఎండద్దాలు. నీకు తెలుసు గదా!"

"నాకు తెలిస్తే ఏం లాభం రా? సంతకు తెలియాల గదా."

"వీడియో తీసేస్తా."

"తీసేసినావా, దాచిపెట్టినారంటారు," అంది రెడ్డెమ్మ.

"అయితే ఉంచుతా."

"ఉంచితే ఇంగా పదిమంది సూస్తారు."

"అయితే నన్నేం చెయ్యమంటావమ్మా? నా గతి మాత్రం బాగుందా? అంగళ్లు ఊరి కాలేజీ పిల్లోళ్ళు కొంటామని చెప్పిపెట్టిన ట్యాబ్‌లు వద్దన్నారు. 'కొత్తది వస్తాందంటన్నా, అప్పడం మాదిరి పల్చగా ఉంటుందంట, అది వచ్చేదాకా ఆగుతాం' అంటారు. ఎప్పుడొస్తుందిరా అంటే తెలీదు. ఎవరు చెప్పినార్రా అంటే తెలీదు. ఈ పొద్దు ఒక ముసలామె అంగట్లోకి రాకుండా బయటి నుంచే అడిగింది. 'నీ పెండ్లాం యాడో నిలబడి అద్దాల్లో సూస్తే, ఈడ నీ పలక మీద బొమ్మ పడతాదంట గదా నాయనా, ఇప్పుడేం పడతాండాది?' అని!"

అప్పుడే ఫోన్ మోగింది. మదనపల్లె నుంచి రేఖ, గిరీష్ అక్క. ఆమె భర్తది టమోటా మండీ. గిరీష్ స్పీకర్ నొక్కాడు.

"నాయనా! పావని అద్దాలు నిజమేనా? మండీలో గగ్గోలుగా ఉండాది. బాక్సు పైన ఎర్రగా మంచి కాయ పేర్చి కింద మచ్చకాయ వేసినోళ్ళంతా ఒకరి మొగాలు ఒకరు చూసుకుంటాండారు. మా ఆయన సంగతి తెలుసు గదా, గుమస్తాకు నల్లద్దాలు పెట్టించి వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టేసినాడు. ఈ పొద్దు మండీకి వచ్చిన సరుకు అడుగు కాయతో సహా బంగారం! ఆ అద్దాలు ఇంకో జత పంపరాదా?"

పావని పెదవి కొరుక్కుంది.

రేఖ ఫోన్ పెట్టేలోపే ఇంకో ఫోన్. ఈసారి పావనిది. కుప్పం నుంచి తల్లి అన్నపూర్ణమ్మ.

"ఏం పని చేసినావే పాపా! మన వీధిలో నేను తలెత్తుకోని తిరగలేకపోతాండా. మూలింటోళ్ళ పాపకు పెళ్ళిచూపులు. పిల్లోడు పాపం కండ్లకలకని నల్లద్దాలు పెట్టుకోని వచ్చినాడు. వాళ్ళ అవ్వ వాకిట్లోనే ఆపేసింది. 'అన్నపూర్ణమ్మ కూతురు వీడియో మేమూ చూసినాం, మాకంతా తెలుసు' అని కాఫీ గూడా ఇయ్యకుండా పంపేసింది. అద్దాలు తీసేస్తా అని తీస్తే కండ్లు ఎర్రగా ఉండాయి, తాగొచ్చినాడని ఇంకో గొడవ!"

పావని నవ్వింది.

నవ్వకూడదని ఆమెకు తెలుసు. పళ్ళు బిగబట్టింది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ కండ్లకలక పిల్లోడు కళ్ళ ముందు కదిలేసరికి నవ్వు ముక్కులోంచి పొంగింది. ఒక్కసారిగా, పకపకా.

వెంకటరమణప్ప లేచాడు. కోడలి వైపు మొదటిసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"నీకు నవ్వు వస్తాందా తల్లీ," అన్నాడు. అడిగినట్టు కూడా లేదు.

లోపలికి వెళ్ళిపోయాడు. రాగిసంగటి ముద్ద పళ్ళెంలోనే చల్లారిపోయింది.

*

తువ్వాల అరుగు మీదే ఉండిపోయింది.

రెడ్డెమ్మ తీయలేదు, మొగుడికి కోపం వస్తుందని. గిరీష్ తీయలేదు, తండ్రి చూస్తాడని. పావని మాత్రం రోజూ పొద్దున అరుగు ఊడ్చేటప్పుడు దాన్ని రెండు చేతుల్తో ఎత్తి, కింద ఊడ్చి, మళ్ళీ అట్లాగే పెట్టేది. మసిగుడ్డ చేయడానికి ఆమెకు చేతులు రాలేదు.

మామ ఆమెతో మాట్లాడటం మానేశాడు. నీళ్ళు కావాలంటే "రెడ్డెమ్మా" అంటాడు. ఆ రెడ్డెమ్మ ఎదురుగా లేకపోతే దాహం ఆపుకుంటాడు.

"నువ్వు నవ్వకుండా ఉండాల్సింది," అన్నాడు గిరీష్ ఒక ఉదయం, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"నువ్వు స్టేటస్ పెట్టకుండా ఉండాల్సింది." గదిలో 'నువ్వు', నడింట్లో 'మీరు'. పెళ్ళైన కొత్తలో ఆ రెండు మాటల మధ్య గడప దాటడమే పావనికి పెద్ద సరదా. ఈ వారం ఆ సరదా కూడా లేదు.

"నేను నమ్ముతారనుకున్నానా?"

"నేను మాత్రం అనుకున్నానా? పోపుల డబ్బా గదా గిరీష్, పోపుల డబ్బా! దాన్ని చూసి ఊరు ఊరంతా ఇట్ల బిత్తరపోతుందని ఎవరనుకుంటారు?"

గిరీష్ గుండీ తప్పుగా పెట్టుకున్నాడు. పావని దగ్గరికొచ్చి సరిచేసింది. ఇద్దరూ నవ్వలేదు.

అతను వెళ్ళాక ఆమె అరుగు మీద కూర్చుంది. పెళ్ళైన మొదటి నెలలో మామ ఇక్కడే తనకు వేళ్ళ భాష నేర్పాడు. తువ్వాల తన చేతి మీద కప్పి, కింద వేళ్ళు పట్టుకుని, "సెప్పు, ఎంత?" అనేవాడు. ఆమె తప్పు చెబితే చిన్నపిల్లాడిలా చంకలు కొట్టుకునేవాడు. సరిగ్గా చెబితే, "దీన్ని మగపిల్లోడుగా పుట్టించింటే సంతనే కొనేసేది కదమే" అని అత్తను పిలిచి చెప్పేవాడు.

ఆ రోజుల్లోనే పావని ఒకటి గమనించింది. అది తలచుకుంటే ఇప్పుడు కూడా పెదవుల మీదికి చిరునవ్వు వస్తుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పెద్ద సంగతి కాదనుకుంది.

ఇప్పుడు ఆ నవ్వును కూడా తుడిచేసుకుని లేచింది.

"మామా," అంది, అన్నం దగ్గర అందరూ ఉండగా. "ఈ సంతకు నన్ను తీసుకోని పోండి."

రెడ్డెమ్మ చేతిలోని గరిటె కుండలోకి జారిపోయింది. "పశువుల సంతకా? ఆడోళ్ళు పోయే చోటా అది? మన ఇంటి కోడలు పేడలో నిలబడితే సూసేదానికి వస్తారు జనం!"

"రానీ అత్తా. అందరూ చూడాల. అందరి ముందరా ఆ అద్దాలు పెట్టుకుంటా. మామ తువ్వాల పరచాల. ఎన్ని వేళ్ళో నన్ను చెప్పమనండి. చెప్పలేనని అందరికీ తెలిసిపోతుంది."

"చెప్పలేకపోతే దాస్తాండాదంటారు," అన్నాడు గిరీష్.

"ఏం చేసినా ఏదో ఒకటి అంటారు. ఏమీ చేయకుంటే మామ చోటు పోతుంది."

ఆ మాట ఎవరూ ఇంతవరకు పైకి అనలేదు. నలుగురి మధ్యా అది కంచం పక్కన పెట్టిన రాయిలా పడింది.

వెంకటరమణప్ప చెయ్యి కడుక్కున్నాడు. అరుగు మీదికి వెళ్ళాడు. లోపలి ముగ్గురూ వింటున్నారు.

తువ్వాలను దులిపిన చప్పుడు.

"పొద్దున్నే తయారుగా ఉండు," అన్నాడు బయటి నుంచే.

*

సంతలో అడుగుపెట్టగానే పావని, తను వచ్చిన పని మరిచిపోయింది. గిత్తల మెడల్లో గంటలు, కొత్త పగ్గాల వాసన, వేడి వేడి బోండాలు, అమ్మకానికి వచ్చినట్టే లేకుండా పెళ్ళికి వచ్చినట్టు పసుపు రాసుకుని నిలబడిన పొట్టి ఆవులు. ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదే అనుకుంది. అంతలో తన చుట్టూ మాటలు ఆగిపోతున్నాయని గమనించింది.

ఆమె నడిచిన చోటల్లా జనం చీలిపోయారు. ఒక రైతు జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకొకడు బోండాల పొట్లాన్ని వీపు వెనక్కి దాచాడు.

వెంకటరమణప్ప నీళ్ళ తొట్టి పక్కన తన చోట్లో నిలబడ్డాడు. కోడలు వస్తోందని ఈ రోజు పంచె మీద, పెళ్ళికి గిరీష్ కొనిచ్చిన నల్ల బూట్లు వేసుకున్నాడు. నడక కొంచెం తడబడుతోంది.

సంతలో అందరికీ పెద్ద దిక్కు పాపయ్య. కొమ్ము చూసి పశువు వయసు చెప్పే ముసలాయన. పావని చెప్పిందంతా విని, అద్దాలు ముందు తనకిమ్మన్నాడు. పెట్టుకుని తువ్వాల వైపు, ఆవు వైపు, ఆకాశం వైపు చూశాడు.

"మబ్బు పట్టినట్టుండాది. అంతే," అన్నాడు.

"నీకు యాడ నొక్కాలో తెలీదు పాపయ్యా!" గుంపులోంచి ఎవరో అరిచారు. "ఆ పాప కాలేజీ సదివింది. ఆ పాప పెట్టుకోవాల!"

"పలక సంగతేంది? గిరీష్ కాడ పలక ఉంటాది, దాని మీద పడతాది!"

గిరీష్ అంగట్లోంచి ట్యాబ్ తీసుకునే వచ్చాడు, ఇలాంటి మాట వస్తుందని. పాపయ్య దాన్ని గోనెసంచిలో చుట్టి, నేల మీద పెట్టి, దాని మీద కూర్చున్నాడు.

"తాతా, పగులుతుంది!"

"పగిలితే ఇంగా మంచిది."

గుంపులో మొదటిసారి నవ్వు. పావనికి కొంచెం ధైర్యం వచ్చింది.

"చెయ్యి నేను పెడతా," అంటూ జయచంద్ర ముందుకు వచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, వినయంగా వంగిన మెడ. "అనింది నేను. నా అనుమానం తీరితే అందరికీ తీరినట్టే గదా అప్పా."

పాపయ్య పొట్టి ఆవును పావని పక్కకు జరిపించాడు. "ఈ గోవు మీద చెయ్యి పెట్టు పాపా. అద్దాల్లో ఏం కనబడితే అదే సెప్తానని పెట్టు. అబద్ధమాడినావా, ఈ తల్లికి తగలతాది."

పావని అద్దాలు పెట్టుకుని, ఆవు వీపు మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. చర్మం ఒక్కసారి జలదరించి ఊరుకుంది.

వెంకటరమణప్ప బూట్లు విడిచి పక్క పక్కన పెట్టాడు. బేరానికి చెయ్యి పెట్టేముందు కాలికి ఏమీ ఉంచుకోకపోవడం ఆయన పద్ధతి, నేల తగిలితేనే నోట్లో మాట నిలబడుతుందని. తువ్వాల పరిచాడు. రెండు చేతులూ దాని కింద కలుసుకున్నాయి. గుడ్డ కదిలింది.

అంత పెద్ద సంతలో ఒక్క గంట మోగలేదు.

పావని తువ్వాలను చూసింది. నల్లటి గుడ్డ. అంతే. చూపు తిప్పేద్దామనుకుంది. తిప్పాలనుకోకుండానే అది జారి కిందికి పోయింది.

మామ కుడికాలి బొటనవేలు నేలను గీరింది. మళ్ళీ గీరింది. మళ్ళీ.

మూడు.

అరుగు మీద నేర్పించిన రోజుల్లో ఆమె ఒంటరిగా నవ్వుకున్న చిన్న సంగతి ఇదే. తువ్వాల కింద ఎన్ని వేళ్ళు పట్టాలని మనసులో అనుకుంటే మామ బొటనవేలు అన్నిసార్లు నేలను గీరుతుంది. ఆయనకు తెలియదు. మనసులోని మాట చేతి కంటే ముందే కాలికి చేరిపోతుంది, అంతే. ఎంత ముద్దుగా ఉందో అనుకుంది అప్పుడు.

ఇప్పుడు చూపును గబుక్కున మళ్ళీ తువ్వాల మీదికి లాక్కుంది.

"సెప్పు పాపా," అన్నాడు పాపయ్య.

"అద్దాల్లో ఏమీ కనబడలేదు తాతా."

అందులో అబద్ధం లేదు. ఆవు మీది చెయ్యి కదలలేదు.

"ఏమీ కనబడలేదంటే కుదరదు!" గుంపు కేకలేసింది. "అంకె సెప్పల్ల! అంకె!"

"కనబడకుంటే గుడ్డిగా అయినా ఒక మాట అను పాపా," అన్నాడు పాపయ్య. "వీళ్ళ నోళ్ళు మూతపడాల గదా."

మూడు అంటే మామ పని అయిపోయినట్టే. ఈ చోటు, ఈ తొట్టి, వీధి మలుపులోని ఆ కేక, అన్నీ ఈ పూటతో సరి.

"నాలుగు," అంది పావని.

వెంకటరమణప్ప తువ్వాల ఎత్తాడు. ఆయన పిడికిట్లో జయచంద్రవి మూడు వేళ్ళు.

"తప్పు!" ఎవరో ఈల వేశారు. "తప్పు చెప్పింది! ఉత్త ఎండద్దాలే ఇవి!" నవ్వులు గుంపంతా పాకాయి. వీపు వెనక దాచిన బోండాల పొట్లం పావని ముందుకే వచ్చింది, ఒకటి తీసుకోమని. పాపయ్య గోనెసంచి మీది నుంచి లేచాడు. ట్యాబ్ పగల్లేదు. ఆ సంతోషంలో గిరీష్ దాన్ని చంకన పెట్టుకుని అంగడికి పరిగెత్తాడు.

అంతలోనే ఒక రైతు మొహమాటపడుతూ వచ్చి, వెంకటరమణప్ప ముందు చెయ్యి చాచాడు. ఆ వెనక ఇంకొకరు. తువ్వాల మళ్ళీ కదలడం మొదలుపెట్టింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆగలేదు.

పావని బోండా తింటూ తొట్టి గట్టు మీద కూర్చుని చూసింది. ఇంత రుచైన బోండా ఎప్పుడూ తినలేదనుకుంది.

*

బూట్లు వేసుకుని, తువ్వాల భుజాన వేసుకుని, సంత గేటు వైపు నడిచేటప్పుడు కూడా మామ మాట్లాడలేదు. సంతోషంలో మాట రావడం లేదేమో అనుకుంది పావని.

"పాపా."

"మామా!" వారం తర్వాత వినిపించిన ఆ పిలుపుకు ఆమె దాదాపు గెంతినంత పని చేసింది.

"అంకె సెప్పేటప్పుడు ఆవు మీది చెయ్యి యాల తీసినావు?"

పావని ఆగిపోయింది. చెయ్యి తీసిందా? తీసింది. "నాలుగు" అనేముందు. తనకే తెలియకుండా.

"నేను చేతులు సూసి బతికినోణ్ణి," అన్నాడు వెంకటరమణప్ప. "కనబడలేదు అన్నప్పుడు చెయ్యి ఉండాది. నాలుగు అన్నప్పుడు లేదు. నీకు మూడని తెలుసు. తెలిసే తప్పు సెప్పినావు. ఎట్ల తెలిసింది?"

"మామా..."

"అద్దాలా?"

"కాదు! ఒట్టు మామా, అద్దాలు కాదు."

"మరి?"

ఆమె చూపు మళ్ళీ కిందికి జారింది. నల్ల బూట్ల మీద ఆగింది. ఆయన కూడా ఆ చూపు వెంటే కిందికి చూశాడు.

"మీ బొటనవేలు," అంది పావని. "చెయ్యి పట్టకముందే, మీరు ఎన్ని వేళ్ళు అనుకుంటే అన్నిసార్లు నేల గీరుతుంది మామా. అరుగు మీద నేర్పించినప్పుడే చూసినా. ముద్దుగా ఉండాదని... ఎవరికీ చెప్పలేదు. గిరీష్‌కు కూడా."

వెంకటరమణప్ప తన కాలిని చూసుకున్నాడు. ఎవరి కాలో తన ఒంటికి తగిలించినట్టు చూసుకున్నాడు. ఎండలో ఆయన మొహం తెల్లబారింది.

"ఎప్పటినుంచి?" అన్నాడు. ఆమెను కాదు, కాలిని అడిగినట్టుంది. "నాకు తెలీకుండా ఎప్పటినుంచి..." తలెత్తాడు. "పాపా, ఇది నువ్వు ఒక్కదానివే సూసినావా? ఇంగెవరన్నా..."

లేదు మామా అనబోయింది పావని. మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

ఇందాకటి గుంపు కళ్ళ ముందు తిరిగింది. అందరి కళ్ళూ తువ్వాల మీద. పాపయ్యవీ, గిరీష్‌వీ, ఈల వేసినవాడివీ. ఒక్క మనిషి మాత్రం తువ్వాలను చూడలేదు, మామ మొహాన్నీ చూడలేదు. వినయంగా మెడ వంచుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

"ఏమప్పా వెంకటరమణప్పా! పోతాండావా?"

ఇద్దరూ తిరిగి చూశారు. శెనగగుగ్గిళ్ళు నములుతూ, నవ్వుతూ, జయచంద్ర వస్తున్నాడు. వెనక మంచి జోడు కోడెలు, వాటిని తోలుకొస్తూ వాటి రైతు.

"అనుమానం తీరిపోయింది గదా, ఇంగేముంది? ఈ రైతు అమ్మకం నీ చేతికే ఇస్తాడంట, కొనేది నేను. బెరీన తేల్చుకుందాం రా. పరచప్పా నీ తువ్వాల!"

వెంకటరమణప్ప చెయ్యి అలవాటు కొద్దీ భుజం మీదికి పోయింది. అలవాటు కొద్దీ ఒక కాలు రెండో కాలి మడమ మీద ఆని, బూటును తోయబోయింది.

"మామా," అంది పావని. ఆయనకు ఒక్కడికే వినబడేంత మెల్లగా. "బూట్లు విడవద్దు."

ఆయన కాలు ఆగిపోయింది. కోడలి మొహంలోకి చూశాడు. ఆ తర్వాత జయచంద్ర వైపు. చాలాసేపు చూశాడు.

తువ్వాల పరిచాడు.

రెండు చేతులూ దాని కింద కలుసుకున్నాయి. జయచంద్ర ఎప్పటిలాగే వినయంగా మెడ వంచాడు. చూపు నేల మీదికి దిగింది. అక్కడ పాలిష్ చేసిన నల్ల బూట్లు తళతళ మెరుస్తున్నాయి.

వంచిన మెడ మెల్లగా పైకి లేచింది. ఇన్నేళ్ళల్లో, బేరంలో నిలబడ్డ జయచంద్ర కళ్ళు ఎలా ఉంటాయో మామ చూడటం ఇదే మొదటిసారి అయ్యుంటుంది.

"ఏమప్పా," అన్నాడు జయచంద్ర. నమలడం ఆగిపోయింది. "ఈ పొద్దు బూట్లు ఇడసలేదే?"

తువ్వాల కింద వెంకటరమణప్ప పట్టిన చెయ్యి వదల్లేదు.